ప్రియదర్శిని కాదు, సత్యపీఠం కావాలి

వ్యక్తిత్వ వికాసం పేరిట జరిగే శిక్షణ తరగతులు మన ఊళ్ళకూ వచ్చాయి. అక్కడ తరచు వినబడే ఉపదేశం ఒకటే: సమస్య బయట లేదు, మీ చూపులో ఉంది, చూపు మార్చండి, సమస్య తీరుతుంది. దీనికి సినిమాను సాక్ష్యం తెస్తారు. బాధపెట్టే జ్ఞాపకాన్ని తెరమీది బొమ్మగా ఊహించుకోమంటారు. ఆ బొమ్మను దూరం జరపమంటారు, చిన్నది చెయ్యమంటారు, రంగులు తీసి నలుపు తెలుపు చెయ్యమంటారు.

1970లలో కాలిఫోర్నియాలో రిచర్డ్ బ్యాండ్లర్, జాన్ గ్రైండర్ మొదలుపెట్టిన న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్ ఈ చిట్కాలకు పుట్టిల్లు. 1988లో అమెరికా జాతీయ పరిశోధన మండలి దాన్ని పరిశీలించి, ఆ వాదనలకు తగిన రుజువులు లేవన్నది. అయినా, పాత భయం పీడించేవారికి కాస్త ఎడంగా నిలబడి చూసుకోవడం ఊరటనివ్వవచ్చు. దానితో పేచీ లేదు. ఆ ఊరటనే పరిష్కారమని అమ్మడంతోనే పేచీ.

ఇంతకీ సినిమా ఏమని సాక్ష్యం చెబుతోంది? 1958 నాటి ‘వెర్టిగో’లో హిచ్‌కాక్ కెమెరాను కదుపుతూ, అదే సమయంలో లెన్సు జూమ్‌ను మార్చాడు. మెట్ల అడుగున నేల పాతాళానికి జారిపోయినట్టుంటుంది. నిజానికి మెట్లు అంగుళం కదలలేదు! కథానాయకుడి భయం మనకు తెలియాలని ఆ పని చేశాడు గాని, భయాన్ని కనబడకుండా చెయ్యాలని కాదు.

1950 నాటి కురొసావా ‘రషోమోన్’ను కూడా వీరు వాడుకుంటారు. ఒక సమురాయి చావును నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు. కనుక ఎవరి నిజం వారిది, అంటారు. సినిమా అక్కడ ఆగిందా? చివరికి ఆ కట్టెలు కొట్టేవాడు దిక్కులేని పసికందును ఎత్తుకుని ఇంటికి నడుస్తాడు. నాలుగు చూపుల తర్వాత మిగిలింది చెయ్యవలసిన పని.

మన సంగతికి వద్దాం. 2006లో తమిళనాడు చేసిన చట్టం పదో తరగతి దాకా తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి చేసింది. తమిళం నేర్వడం మనకు భారం కాదు. తరతరాలుగా ఆ మాటల మధ్యే బతుకుతున్నాం. తల్లిభాషకు బడిలో చోటు తగ్గడమే బాధ. దీన్ని ‘అవకాశంగా చూడండి’ అంటే ఏమి చేసినట్టు? బొమ్మను చిన్నది చేసినట్టు. బడిలో తెలుగు పంతులు లేని ఖాళీ మాత్రం అంతే పెద్దదిగా ఉంటుంది. ఆ ఖాళీ నిండాలంటే తల్లిదండ్రులు పిల్లల్ని తెలుగు తరగతిలో చేర్పించాలి, అర్జీ రాయాలి, నలుగురూ కలిసి వెళ్ళి అడగాలి.

1957 నాటి ‘మాయాబజార్’ మనకందరికీ కంఠతా వచ్చిన సినిమా. అందులో ప్రియదర్శిని పేటిక తెరిస్తే ఎవరికి ప్రియమైనది వారికి కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు కనబడ్డాడు. కాని పెళ్ళి జరిగింది పేటిక చూసినందుకు కాదు, ఘటోత్కచుడు పూనుకున్నందుకు. శకుని బండారం బయటపడింది సత్యపీఠం ఎక్కినప్పుడు. మన బడుల గురించి మాట్లాడేటప్పుడు మనమూ ఆ పీఠం ఎక్కుదాం. మన పిల్లల్లో ఎందరు తెలుగు చదవగలరో, ఎందరు రాయగలరో ఊరూరా లెక్క తీద్దాం. చూపు మార్చడం సంగతి ఆ తర్వాత.