నాచారంలో పని పెరుగుతోంది.. మన పిల్లల చేతిలో కాగితమేదీ?

హబ్సిగూడ నుంచి నాచారం మీదుగా మల్లాపూర్ వెళ్లేవాళ్లు ఆ ఫ్యాక్టరీ గేట్లు రోజూ చూస్తూనే ఉంటారు. లోపల ఏం తయారవుతుందో మాత్రం చాలామందికి తెలీదు. నాచారంలోని భారత్ ఎలక్ట్రానిక్స్ (బెల్) యూనిట్‌లో శత్రు రాడార్లను పసిగట్టే ఎలక్ట్రానిక్ యుద్ధ పరికరాలు తయారవుతాయి. మల్లాపూర్‌లో అపోలో మైక్రో సిస్టమ్స్ క్షిపణులకు ఎలక్ట్రానిక్స్ చేస్తుంది. ఇంకాస్త ముందుకెళ్తే 1967లో పెట్టిన ఈసీఐఎల్.

పని పెరుగుతోంది, అందులో అనుమానం లేదు. 2024-25లో దేశ రక్షణ ఉత్పత్తి లక్షా 50 వేల కోట్ల రూపాయలు దాటింది. ఎగుమతులు 23,622 కోట్లు. 2029 నాటికి ఉత్పత్తి 3 లక్షల కోట్లకు, ఎగుమతులు 50 వేల కోట్లకు చేరాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది.

అయితే ఆర్డర్లు పెరిగినంతగా పర్మనెంట్ ఉద్యోగాలు పెరగవు. బెల్ చాలాకాలంగా ట్రైనీ ఇంజినీర్లను కాంట్రాక్టు మీద తీసుకుంటోంది. ఇటీవలి ప్రకటనల్లో మొదటి ఏడాది జీతం నెలకు 30 వేలు. మూడేళ్లకు మించి ఉంచుకోరు. బీటెక్ కోసం అప్పు చేసిన ఇంటికి ఇది తక్కువే. కానీ ఆ అనుభవంతో ప్రైవేటు కంపెనీలో చేరొచ్చు.

అసలు కొరత ఇంజినీర్లలో కాదు, మెషిన్ మీద నిలబడేవాళ్లలో ఉంది. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. క్షిపణి భాగాల్లో కొన్నింటికి అందులో ఏడో వంతు తేడా వచ్చినా తిరస్కరిస్తారు. డ్రాయింగ్ చదివి, సీఎన్‌సీ సెట్ చేసి, మైక్రోమీటర్‌తో కొలిచి, లెక్క రాసి సంతకం పెట్టే మనిషి కావాలి.

మన మొహల్లాల్లో లేత్ పట్టినవాళ్లు, వెల్డింగ్ చేసేవాళ్లు తక్కువేం లేరు. ఉస్తాద్ దగ్గర పదేళ్లు నేర్చుకున్న హునర్ వాళ్లది. కానీ సర్టిఫికెట్ లేదు. రక్షణ పనిలో ప్రతి భాగం ఎవరు చేశారో, వాళ్ల అర్హత ఏంటో రికార్డు ఉండాలి. ‘పని వచ్చు భాయ్’ అంటే సరిపోదు. అందుకే వాళ్లలో చాలామంది పాస్‌పోర్టు తీసుకుని గల్ఫ్‌కు వెళ్తున్నారు.

దారి పూర్తిగా మూసుకుపోలేదు. పని వచ్చినవాళ్లను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పథకం కేంద్రానికి ఉంది. అయితే దాన్ని ఐటీఐ సర్టిఫికెట్‌తో సమానంగా చూస్తారని ఆశపడొద్దు. టెన్త్ అయిన పిల్లాడికి ఫిట్టర్, టర్నర్, ఎలక్ట్రానిక్ మెకానిక్ ట్రేడుల్లో రెండేళ్ల ఐటీఐ మేలు. రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024 జూన్‌లో మన మల్లేపల్లి నుంచే మొదలైంది. ఆడపిల్లలనూ పంపొచ్చు. సర్క్యూట్ బోర్డుల సోల్డరింగ్, వైరింగ్ కూర్చోని, ఓపిగ్గా చేసే పని.

ఈసీఐఎల్ అప్రెంటిస్‌లను ఐటీఐ మార్కుల మీదే ఎంపిక చేస్తుంది. రాత పరీక్ష ఉండదు. వయసు పరిమితి మాత్రం ఉంటుంది. టెన్త్ మెమోలో ‘మహ్మద్’ అని, ఆధార్‌లో ‘ఎండీ’ అని ఉంటే సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌లో ఇబ్బంది అవుతుంది. ప్రకటన వచ్చాక పరుగెత్తే బదులు ఆ పేరు ఈ నెలలోనే సరిచేయించండి.