నాలుగేళ్ళ పిల్లకు ప్రవేశపరీక్షా?

'స్కూల్ రెడీనెస్' అనే మాట ఇప్పుడు మా ఊరి ప్రైవేటు బడుల కరపత్రాలలో కూడా కనబడుతున్నది. బడికి సంసిద్ధత అని తెలుగు చేసుకోవచ్చు. మాట మంచిదే, దానిని వాడుతున్న తీరుతోనే నాకు పేచీ. ఎల్‌కేజీలో చేర్చుకోవడానికి మూడున్నరేళ్ళ పసివాడిచేత ఆంగ్లాక్షరాలు ఇరవైయారూ వ్రాయించడం, వ్రాయలేకపోతే "మీవాడింకా సిద్ధంగా లేడండీ" అని తల్లిదండ్రులను త్రిప్పి పంపడం! ఈ కొలమానాన్ని వీరికి ఏ పరిశోధన ఇచ్చిందో చెప్పగలరా?

పరిశోధన దూరదేశాలలోనే జరుగలేదు. ఢిల్లీ అంబేద్కర్ విశ్వవిద్యాలయము, అసర్ కేంద్రము కలిసి తెలంగాణ, రాజస్థాన్, అస్సాం పల్లెలలో సుమారు 14,000 మంది పిల్లలను నాలుగవ ఏటి నుండి ఎనిమిదవ ఏటి వరకు గమనించి, 2017లో నివేదిక వెలువరించాయి. అందులో సంసిద్ధతను దేనితో కొలిచారు? ఒక జాతి వస్తువులను వేరుచేయగలడా? ముందు వెనుకలు, ఎక్కువ తక్కువలు తెలుసునా? జరిగినదానిని వరుసలో చెప్పగలడా? మాట మొదటి ధ్వనిని పట్టుకోగలడా? బొమ్మను చూచి వాక్యం చెప్పగలడా? చెప్పిన పనిని విని చేయగలడా? ఇటువంటివి. అక్షరమాలను చూడకుండా వ్రాయడం ఆ జాబితాలో లేదు. ఈ నేర్పులు బాగుగా ఉన్నవారే ప్రాథమిక తరగతులలోనూ ముందున్నారు. అయితే ఐదేళ్ళు నిండిన పిల్లలలో అధికులకు ఇవి చాలినంతగా లేవని కూడా ఆ నివేదికే చెప్పినది. కారణం చూడండి: చాలాచోట్ల శిశుతరగతి అంటే ఏమీ చేయించకపోవడమో, లేక ఒకటవ తరగతిని క్రిందికి దించి పిల్లల నెత్తిన పెట్టడమో. లోపం శిశువుదా, బడిదా?

చేతి సంగతి వేరే చెప్పాలి. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలున్నాయి. పుట్టినప్పుడు అవి మృదులాస్థి మాత్రమే. ఒక్కొక్కటే గట్టిపడుతూ వచ్చి చివరిది గట్టిపడేసరికి పదేళ్ళు అటూ ఇటూ అవుతుంది. అటువంటి చేతికి నాలుగుగీతల పుస్తకమిచ్చి పేజీలు నింపమంటాము! మన పిల్లలకు అచ్చనగాయలుండేవి. ఎగురవేసిన గచ్చకాయ క్రింద పడేలోపల మిగిలినవాటిని ఏరాలి. కన్నూ చేయీ కలిసి పనిచేస్తే గాని కుదరదు. వామనగుంటలలో గుంటకొక గింజ చొప్పున వేసుకుంటూ పోయే పిల్లకు సంఖ్య వేలికొనల మీద ఉంటుంది. నూరు వరకు ఒప్పజెప్పే పిల్లవాడిని మూడు, ఐదులలో ఏది పెద్దదని అడిగి చూడండి. ముప్పదియైదేళ్ళు బడిలో ఉన్నవాడిని, ఆ తెల్లముఖాలు నాకు క్రొత్త కాదు.

ఇక్కడ ఒక ప్రతివాదం వస్తుంది. అమెరికా, బ్రిటన్, కెనడాలలోని ఆరు దీర్ఘకాలిక అధ్యయనాలను కలిపి చూచిన 2007 నాటి ఒక ప్రసిద్ధ పరిశోధనలో, బడిలో చేరేనాటి గణిత పరిజ్ఞానమే తరువాతి చదువును అన్నిటికంటె బలంగా సూచిస్తుందని తేలింది గదా, ముందే మొదలుపెడితే తప్పేమిటని. తప్పు లేదు, మొదలుపెట్టండి. కాని వారు చూచినది సంఖ్యల అవగాహనను, వాటి క్రమాన్ని. ఎక్కాల వల్లెవేతను కాదు. ఆ వరుసలోనే ఏకాగ్రతకూ స్థానమున్నది. కూర్చోబెట్టి కదలనీయకపోవడం ఏకాగ్రత అనుకునేవారికి ఏమి చెప్పను?

1993లోనే యశ్‌పాల్ సంఘం శిశుతరగతుల ప్రవేశపరీక్షలను రద్దుచేయమన్నది. పసివారికి చదవడం, వ్రాయడం అతిగా రుద్దడాన్ని హింసగానే లెక్కించింది. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ వడపోత పరీక్షలను నిషేధించింది. ఆ చట్టంలో బిడ్డ అంటే ఆరేళ్ళ నుండి పదునాలుగేళ్ళ వయసువారు గదా అన్నదే వీరి ధైర్యం! 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ళ నుండి ఎనిమిదేళ్ళ వరకు ఒకే పునాది దశ అని, ఆటపాటలే మార్గమని చెప్పినా, ఆ కాగితం వీరి గేటు దాటి లోపలికి పోలేదు.

మీ బిడ్డ సిద్ధంగా లేడని ఎవరైనా అంటే, బడి ఎంత సిద్ధంగా ఉన్నదో మీరూ అడగండి. గదికి ఎందరు పిల్లలు? నేలమీద ఆడుకునే చోటున్నదా? ఏడ్చే పిల్లతో తెలుగులో మాట్లాడే టీచరున్నదా? మా వీధిలో ఒక తల్లి ఈ ప్రశ్నలే అడిగితే, ఆమె చేతిలో ఫీజుల పట్టిక పెట్టారట.