వేప మొద్దులో దేవుడు

ముచ్చుమర్రి వైపు నుంచి నీళ్లు దిగుతున్నాయని కబురొస్తే చాలు, మా నందికొట్కూరులో కొన్ని ఇళ్లల్లో ఆ పూట ఇంక వేరే మాట ఉండదు. శిఖరం కనపడిందంట, ఇంకో పది దినాలకు గోడలు తేలతాయంట అని ఒకటే ఎదురుచూపు. సంగమేశ్వరుడి గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు శ్రీశైలం జలాశయం అడుగునే ఉంటుంది. ఎండలు ముదిరి నీళ్లు తగ్గితే బయటపడుతుంది, కృష్ణకు వరద రాగానే మళ్లీ మునుగుతుంది. 1981లో డ్యాం పూర్తయినాక ఇరవై ఏళ్లకు పైగా అది ఎవరి కంటా పడలేదు. బయటపడడం మొదలైనాక చూసినవాళ్లు ముందుగా అడిగింది ఒకటే: వేప లింగం ఉందా? ఉంది. అన్నేళ్లు నీళ్లలో నానిన కొయ్య అట్లనే నిలిచి ఉంది.

ఆ లింగం కథ ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. ఏడు నదులు కలిసే చోట శివుణ్ణి ప్రతిష్ఠించాలని ధర్మరాజు అనుకున్నాడు. లింగం తెమ్మని భీముణ్ణి కాశికి పంపించాడు. ముహూర్తం దగ్గర పడినా భీముడు రాలేదు. ఋషులు చెప్పిన మీదట అక్కడున్న వేప మొద్దునే లింగంగా చెక్కించి నిలబెట్టాడు ధర్మరాజు. అనుకున్నది రాకపోయినా ఉన్నదాంట్లోనే దేవుణ్ణి చూసుకోవాలని పెద్దలు ఈ కథ చెప్తారు. నిజమే. కానీ నా మనసెప్పుడూ భీముడి దగ్గర ఆగిపోతుంది.

ఆయన చేసిన తప్పేముంది? అన్న చెప్పిన పని మీదే అంత దూరం పోయినాడు. లింగాన్ని మోసుకుంటూ ఏటిగడ్డకు వచ్చేసరికి తన లింగం ఉండాల్సిన చోట ఒక కొయ్య ఉంది, దానికి అప్పుడే అభిషేకం కూడా అయిపోయింది. కోపం పట్టలేక తెచ్చిన లింగాన్ని విసిరేశాడంటారు. బతుకులో ఆశాభంగం వచ్చేది ఎక్కువగా ఇట్లనే. పాపం చేసినందుకు వచ్చిన శిక్ష కాదు. మన వంతు మనం సరిగ్గానే చేసి ఉంటాం, మనం చేరేలోపల పని ఇంకోలా అయిపోయి ఉంటుంది.

అప్పుడు ధర్మరాజు తమ్ముడితో "అంతా మన మంచికేలే" అనలేదు. విసిరేసిన లింగాన్ని ఏటి ఒడ్డున ప్రతిష్ఠించి దానికి భీమలింగమని పేరు పెట్టాడు. సంగమేశ్వరుణ్ణి చూడవచ్చినవాళ్లు ముందు భీమలింగానికి మొక్కి రావాలని కట్టడి చేశాడు. వేప మొద్దులో ఉన్న దేవుడు కూడా, ఆలస్యమైపోయిన ఆ లింగానికి పూజ అయ్యేదాకా తన పూజ అందుకోడు. దేవుణ్ణి నమ్మమని నాకు ఇంత గట్టిగా చెప్పిన కథ ఇంకొకటి లేదు.

ఇరవై నాలుగేళ్లప్పుడు నాకు రావాల్సిన ఉద్యోగం ఒకటి ఒక్క మార్కుతో తప్పిపోయింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "దేవుడు ఇంకా మంచిది రాసిపెట్టినాడులేరా" అన్నారు. వాళ్ల మనసు మంచిదే. కానీ ఆ మాట విన్నప్పుడల్లా నా ఏడుపుకు చోటే లేదనిపించేది. మా జేజి ఒక్కతే ఏమీ అనలేదు. నాలుగో రోజు పొద్దున పొయ్యి మీదినుంచి దించిన జొన్నరొట్టె, రోట్లో నూరిన చెనక్కాయల ఊరుబిండి నా ముందర పెట్టి, నేను తినేదాకా పక్కనే కూర్చుంది. తర్వాత లేచి గూట్లో దేవుడికి దీపం పెట్టింది. ఆ పూట దీపం కొంచెం ఆలస్యమైంది. ముందు భీమలింగం అన్నది ఆమెకు ఎవరూ విడమరచి చెప్పాల్సిన పని లేదు.

నమ్మకం పేరుతో మనం చేసే తప్పు ఒకటుంది. సంగమేశ్వరుడు ఒక్కడే మునగలేదు. శ్రీశైలం నీళ్లు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లను మింగినాయి. దాదాపు లక్షమంది ఇళ్లూ పొలాలూ వదిలి గట్టెక్కినారు. ఇది దైవ నిర్ణయమని వాళ్లకు చెప్పినవాళ్లు ఉన్నారు. కాదు. వాన రాకపోతే దేవుణ్ణి అడుగుదాం. డ్యాం ఎంత ఎత్తు కట్టాలి, ఎన్ని అడుగుల దాకా నీళ్లు నిలపాలి అన్నది మనుషులు కాగితం మీద రాసుకున్న లెక్క. 1986లో 98వ జీవో వచ్చింది, మునిగిన కుటుంబానికి ఒక ఉద్యోగమని. ఆ జీవో పట్టుకుని జుట్టు నెరిసిన మగవాళ్లు ఈ చుట్టుపక్కల ఎందరో. వాళ్లతో "దేవుడి మీద భారం వెయ్యి" అనే హక్కు నాకు లేదు, మీకూ లేదు. తన కష్టాన్ని దేవుడి చేతిలో పెట్టుకోవాల్సింది ఆ కష్టం పడినవాడే. పక్కవాడి కష్టాన్ని తీసుకుపోయి దేవుడి ఖాతాలో రాసే పని మనది కాదు.

అయినా వాళ్లు దేవుణ్ణి వదల్లేదు. నాకు ఎప్పటికీ ఆశ్చర్యం అదే.

మాకు దగ్గరి బంధువు, వరసకు పెద్దమ్మ. ఆమె పుట్టిల్లు మునిగిన ఊళ్లలోనే. నీళ్లు దిగిన ప్రతి ఏడూ ఒక సోమవారం గుడికి పోతుంది. పోయినసారి నేనూ వెంట పోయినాను. ఒండ్రు ఎండి పెంకుల్లా పగిలింది, అడుగేస్తే పటపటమంటోంది. గర్భగుడి మెట్ల సందుల్లో ఇంకా తడి ఉంది, చేపల వాసన. టెంకాయ కొట్టి, ఊదుబత్తి గుచ్చి, రవిక లోపలినుంచి ప్లాస్టిక్ కవరు తీసింది పెద్దమ్మ. అందులో మడతల దగ్గర చిరిగిన కాగితాలు. నష్టపరిహారం రసీదు, తమ్ముడి పేరు మీద పెట్టిన అర్జీల నకళ్లు. కవరును వేప లింగానికి తాకించి కళ్లకద్దుకుంది.

"ఏం మొక్కుకున్నావు పెద్దమ్మా?" అని అడిగాను.

"మొక్కేదేముంది నాయనా. ఆయనదీ మునిగిందే కదా, ఆయనకు తెల్దా?" అనింది. కవరు మళ్లీ రవికలో దోపుకుని, కొంగుతో కాళ్ల బురద తుడుచుకుంది. "బిన్నా నడువు. పన్నెండు దాటితే అర్జీ తీసుకోరు."