పాలకాయతిప్ప దాకా రాని లెక్క

రహదారి వేస్తే ప్రాంతం బాగుపడుతుందని చెప్పేవాళ్లు "ప్రాంతం" అనే మాట వెనక చాలామందిని దాచేస్తారు. బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ–పెనుమూడి వారధి దాటి రేపల్లె వైపు పోయే 216వ నంబరు జాతీయ రహదారినే తీసుకుందాం. పాలకాయతిప్ప ఆ రోడ్డుకి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో, హంసలదీవి దాటాక, సముద్రం ఒడ్డున ఉంది. చెప్పుకోవడానికి అదీ బాగుపడే ప్రాంతమే. అక్కడ చేపల తట్ట ఎత్తుకునే స్త్రీకి ఏం దక్కిందో చెప్పే గడి మాత్రం ఆ లెక్కల్లో లేదు.

ఎందుకు లేదో చూడండి. రహదారి లాభం కట్టేటప్పుడు ప్రధానంగా చూసేవి మూడు: వాహనం నడిపే ఖర్చులో ఆదా, ప్రయాణికుల సమయంలో ఆదా, ప్రమాదాల తగ్గుదల. ట్రాఫిక్ లెక్కలో లారీకి ఇన్ని కార్లతో సమానమని ఒక విలువ ఉంది. ఎడ్లబండికీ ఉంది. నెత్తిన తట్టతో నడిచే మనిషికి లేదు.

కోస్తాలో మంచి రోడ్డు పడిన చోటల్లా జరిగింది దాదాపు ఒకటే. ఐసు పెట్టెల వ్యాను రేవు దగ్గరికే వస్తుంది. పడవకి ముందే అప్పిచ్చిన వ్యాపారి మేలైన సరుకు పట్టుకుపోతాడు. ఒడ్డున కొని ఊళ్లలో అమ్ముకునే ఆడవాళ్లకి చిల్లర చేప, ఎండబెట్టుకునే చేప మిగులుతుంది. చేపకి ధర పెరగలేదా అంటే పెరిగింది, పడవలో వాటా ఉన్నవాడికి. గుడివాడ, కైకలూరు వైపు వరి చేలు చెరువులయ్యాయి. దానికి రోడ్డొక్కటే కారణమని నేననను. కానీ రొయ్య చెడకుండా ఎగుమతి ఫ్యాక్టరీకి చేరాలంటే రోడ్డు కావాలి. వరిలో నాట్లు, కలుపు ఆడవాళ్ల పని. చెరువు మీద మేత, కాపలా ఎక్కువగా మగవాళ్లవి. ఆడవాళ్లకి మిగిలింది షెడ్లలో రొయ్య తలలు తీయడం.

ఇది నా ఒక్కదాని అనుమానం కాదు. స్వర్ణ చతుర్భుజి రహదారులపై ఘనీ, గోస్వామి, కెర్ చేసిన అధ్యయనంలో పరిశ్రమల పెరుగుదల రోడ్డుకి పది కిలోమీటర్ల లోపు జిల్లాల్లోనే కనిపించింది, ఆ పైన ఉన్నవాటిలో కనిపించలేదు. గ్రామీణ రోడ్లపై ఆషర్, నోవోసాద్ 2020లో ప్రచురించిన పరిశోధన ప్రకారం రోడ్డు పడ్డాక జనం సేద్యపు పని వదిలి బయటి పనులకు పోయారు, ఊళ్లో పంట, ఆస్తి, ఖర్చుపెట్టే స్తోమత మాత్రం పెద్దగా మారలేదు. బయటికి పోగలిగేది ఎవరు, పిల్లల్నీ ముసలివాళ్లనీ చూసుకుంటూ ఉండిపోయేది ఎవరు అన్నది మనకి ఒకరు చెప్పనక్కర్లేదు.

రోడ్డు వద్దంటున్నారా అని మనల్ని దబాయిస్తారు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమలో రోడ్డు వద్దని ఎవరంటారు? అయితే ఆ రాత్రి ప్రాణం కాపాడేది మోపిదేవి మీదుగా పోయే రహదారి కాదు, పల్లె నుంచి కోడూరు దాకా ఉండే చిన్న రోడ్డు. డబ్బు ముందు దేనికి పోతుందో గమనించండి.

ఇక భూమి సంగతి. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద ప్రకటన వెలువడ్డాక అభ్యంతరం చెప్పడానికి గడువు 21 రోజులు. ప్రకటన గెజిట్లో, రెండు పత్రికల్లో వస్తుంది. పట్టా సాధారణంగా భర్త పేరునో మామ పేరునో ఉంటుంది. మన రాష్ట్రంలో 1985 నుంచే కూతురికి ఉమ్మడి ఆస్తిలో హక్కుంది, కానీ రికార్డులో పేరెక్కించుకున్న కూతుళ్లు ఎందరు? 2013 భూసేకరణ చట్టం కౌలుదార్లనీ వ్యవసాయ కూలీలనీ బాధిత కుటుంబాల్లో చేర్చింది. వితంతువునీ, విడాకులైన స్త్రీనీ, కుటుంబం వదిలేసిన స్త్రీనీ విడి కుటుంబంగా చూడాలంది. 2015 ఆగస్టు ఉత్తర్వుతో ఆ చట్టంలోని పరిహారం, పునరావాసం రహదారి భూములకీ వర్తించాయి. సామాజిక ప్రభావ అంచనా మాత్రం వర్తించలేదు. అంటే ఆ స్త్రీకి హక్కు ఇచ్చారు, ఆమె ఎవరో వెతికే పని ఎత్తేశారు.

ఆ వెతుకులాట మనం చేయాలి. బందరు పోర్టుకి 2023 మేలో శంకుస్థాపన జరిగింది, దాని వెంట ఇంకా రోడ్లు వస్తాయి. ప్రకటన వచ్చిన రోజే ఊళ్లో చదివి వినిపించాలి. కౌలు చేసే స్త్రీల పేర్లు, ఒంటరి స్త్రీల పేర్లు జాబితా రాసి, ఆ 21 రోజుల్లోపే భూసేకరణ అధికారి కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. పరిహారం భార్యాభర్తల ఉమ్మడి ఖాతాలో వేయమని అడగాలి. రేవులో వేలం మొదలయ్యే ముందు తట్టల వాళ్లకి ఇంత సరుకని విడిగా పెట్టించాలి. బస్సులో చేపల తట్టకి చోటివ్వాలి. ఈ చివరిది చిన్న కోరికగా కనిపిస్తుంది, నాకూ మొదట అలాగే అనిపించింది. రోజూ కండక్టరు చేత దింపించుకునే వాళ్లనడిగితే దాన్నే ముందు రాయమంటారు.