గడ్డ కరిగింది కదా, మళ్ళీ ఆపరేషనెందుకు?

మా పాలమూరు నుంచి నాకొచ్చే ఫోన్లలో సగం ఉద్యోగాల గురించి, సగం ఆస్పత్రుల గురించి. సాఫ్ట్‌వేర్ వాడికి అన్నీ తెలుసని ఊళ్ళో ఒక నమ్మకం లెండి. రొమ్ము క్యాన్సర్ విషయంలో గద్వాల నుంచీ, నాగర్‌కర్నూల్ నుంచీ వచ్చే ప్రశ్న మాత్రం ఒకటే: "కీమోతోని గడ్డ కరిగింది. ఇగ ఆపరేషన్ ఎందుకు? చేస్తే మొత్తం తీసేయాల్నా?"

నేను డాక్టర్ని కాను. చదివి, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదే ఈ టపా. అభిప్రాయాలు మాత్రం నావే.

చేతికి తగలకపోవడం వేరు, లేకపోవడం వేరు. లాగ్‌లో ఎర్రర్ కనబడనంత మాత్రాన బగ్ పోయిందని మనం రిలీజ్ చేస్తామా? స్కాన్ శుభ్రంగా ఉన్నా లోపల కణాలు మిగిలి ఉండొచ్చు. ఆపరేషన్ లేకుండా వదిలేయొచ్చా అని అమెరికాలో పరిశోధనలు జరుగుతున్నాయి గానీ, అవి ఏరి కోరి ఎంచుకున్న కొద్దిమంది మీద చేస్తున్నవి. మామూలుగా ఆఖరి కీమో అయ్యాక కోలుకోగానే, రెండు నెలలు దాటకుండా ఆపరేషన్ చేస్తారు. గడ్డ పోయిందని ఊపిరి పీల్చుకుని పత్తి చేలోకి వెళ్ళిపోయిన మనిషికి ఈ గడువు ఎవరు గుర్తు చేస్తారు? నా భయమంతా అక్కడే.

ఇక మొత్తం తీయాలా, కొంతేనా? "మొత్తం తీసేయుండ్రి సారూ, పీడ పోతది" అని ఇంటి మగవాళ్ళే ముందు అనేస్తారు, ఆమెను అడక్కుండా. 1890లలో హాల్‌స్టెడ్ చెప్పిన పద్ధతి అదే, ఛాతీ కండరాలతో సహా తీసేయడం. కానీ అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో వెరొనేసీ 20 ఏళ్ళ పాటు రోగులను గమనించి 2002లో ఫలితాలు ప్రకటించారు. గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చినవాళ్ళూ, రొమ్ము మొత్తం తీసినవాళ్ళూ సమానంగానే బతికారు. కీమో ముందే ఇవ్వడం వల్ల ఒరిగే లాభాల్లో ఒకటి ఇదే, పెద్ద గడ్డ చిన్నదై రొమ్ము మిగిలే అవకాశం పెరుగుతుంది. ఫిషర్ బృందం చేసిన ఇంకో అధ్యయనంలో అలా మిగిలినవాళ్ళు 60 నుంచి 68 శాతానికి పెరిగారు. అందరికీ కుదరదు. రొమ్మంతా ఎర్రబడి వాచే రకమైతే గడ్డ ఎంత కరిగినా మొత్తం తీయాల్సిందే. రొమ్ములో చాలాచోట్ల వ్యాపించినా, రేడియేషన్ తీసుకునే వీలు లేకపోయినా అంతే.

ఇక్కడో చిన్న లోహపు ముక్క సంగతి చెప్పాలి. కీమో మొదలుకాకముందే, లేదా గడ్డ మరీ కరిగిపోకముందే, దాని మధ్యలో ఒక క్లిప్ పెడతారు. గడ్డ మాయమైతే ఎక్కడ కోయాలో సర్జన్‌కు గుర్తుండాలి కదా! అది లేకపోతే చోటు పట్టుకోవడం కష్టమై, చివరికి మొత్తం తీసేయాల్సి రావచ్చు. అంటే ఆపరేషన్ గురించి సర్జన్‌తో మాట్లాడాల్సింది ఆరు నెలల కీమో అయ్యాక కాదు, మొదలయ్యే ముందు. మీ వాళ్ళెవరికైనా కీమో అంటే ఫోన్‌లో మొదట ఇదే అడగండి: "క్లిప్ పెట్టారా?"

చంక సంగతి ఎవరూ పట్టించుకోరు. అక్కడి గ్రంథులన్నీ తీసేస్తే కొందరికి చెయ్యి వాస్తుంది, జీవితాంతం ఉండిపోవచ్చు. మనకైతే కీబోర్డు దగ్గర ఇబ్బంది. గద్వాలలో మగ్గం మీద కూర్చునే ఆమెకూ, వనపర్తిలో వరి నాటే ఆమెకూ ఆ చెయ్యే కూడు. కీమోతో చంకలో గడ్డలు తగ్గినవాళ్ళకు ముందు కొన్ని గ్రంథులే తీసి పరీక్షించి, అవి శుభ్రంగా ఉంటే మిగతావి వదిలేసే పద్ధతి ఉంది. నాకు వీలవుతుందా అని అడగాలి.

ఇప్పుడు అసలు చిక్కు, దూరం. "మొత్తం తీయిస్తే కరెంటు పెట్టించుకునే బాధ తప్పుతది" అనుకుంటారు. జబ్బు ముదిరాక, ముఖ్యంగా మూడో దశలో, మొత్తం తీసినా సాధారణంగా రేడియేషన్ తప్పదు. ఎలాగూ తప్పనప్పుడు, అది తప్పించుకోవడానికని రొమ్ము వదులుకోవడంలో అర్థముందా? ముందు ఆ ఒక్కటీ తేల్చుకుంటే చాలామంది నిర్ణయం మారుతుంది. రేడియేషన్‌కి వారానికి ఐదు రోజుల చొప్పున, మామూలుగా మూడు వారాలైనా అనుకోండి. గద్వాల నుంచి హైదరాబాదు దాదాపు 190 కిలోమీటర్లు. కర్నూలు దగ్గరే గానీ 2014 నుంచి అది వేరే రాష్ట్రం. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి, 2023 డిసెంబరులో తెలంగాణలో పరిమితి 10 లక్షలైంది. మంచిదే. కానీ మూడు వారాల కూలి నష్టం ఏ కార్డూ ఇవ్వదు. వనపర్తికీ నాగర్‌కర్నూల్‌కీ 2022లో మెడికల్ కాలేజీలొచ్చాయి, తర్వాత గద్వాలకీ వచ్చింది. ఈ మూడింటిలో ఏదో ఒకచోట రేడియేషన్ యంత్రం పెట్టమని అడగడం అత్యాశేమీ కాదు.

అది వచ్చేదాకా ఒక పని మన చేతిలో ఉంది. ఎర్రగడ్డ నుంచి గచ్చిబౌలి దాకా మనవాళ్ళ ఇళ్ళల్లో రెండో బెడ్రూం ఖాళీగానే ఉంటుంది. రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే ఆస్పత్రికి మీ ఊరామె ఎవరైనా కరెంటు పెట్టించుకోవడానికి వస్తుంటే, సంచీ మీ ఇంట్లో పెట్టుకోమని చెప్పండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదు రాత్రులు, శనివారం ఊరెళ్తుంది.