యంత్రం మాటే శాసనమా?

ఒకప్పుడు పేదవాడి రేషన్ కార్డు ఉండాలా, పోవాలా అన్నది తేల్చడానికి కనీసం ఒక మనిషి గుమ్మం దాకా వచ్చేవాడు. వచ్చినవాడు లంచగొండి కావచ్చు, పక్షపాతి కావచ్చు. అయినా ఇంటి పైన ఉన్నవి రేకులో, పెంకులో అతని కంటికి కనబడేవి. పొయ్యి మీద ఏం ఉడుకుతోందో తెలిసేది. వాదించుకోవడానికి, బతిమాలుకోవడానికి, కాదంటే పై అధికారికి మొరపెట్టుకోవడానికి ఎదుట ఒక ముఖం ఉండేది. నేడు ఆ ముఖం స్థానంలో కంప్యూటర్ వచ్చి కూర్చుంది. కంప్యూటర్ లంచం అడగదు, నిజమే. కాని అది గుమ్మం దాకా రాదు. మన మొర వినదు. తాను ఎందుకు కాదన్నదో చెప్పదు.

మేము ఈ మాట ఊహించి రాయడం లేదు. తెలంగాణలో జరిగినదే ఇందుకు సాక్ష్యం. అక్కడి ప్రభుత్వం 'సమగ్ర వేదిక' అనే కంప్యూటర్ వ్యవస్థను ఏర్పాటు చేసుకుంది. వేర్వేరు శాఖల వద్ద ఉన్న రికార్డులను ఒక చోటికి చేర్చి, ఈ రికార్డులోని మనిషీ ఆ రికార్డులోని మనిషీ ఒకరేనా అని పోల్చి చూడటం దాని పని. రేషన్ కార్డు ఉన్న వ్యక్తి పేరు మీద కారు ఉన్నదా, ఆస్తి ఉన్నదా అని వెతకడం, ఉన్నట్లు తోస్తే అనర్హుడని గుర్తు పెట్టడం ఈ విధంగా జరుగుతుంది. 2016 నుంచి ఆ రాష్ట్రంలో దాదాపు 19 లక్షల కార్డులు రద్దయ్యాయి. ఇంటికి వెళ్ళి చూడకుండా, ముందుగా నోటీసు ఇవ్వకుండా రద్దు చేశారన్న ఫిర్యాదు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని న్యాయస్థానం 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది.

ఆ పరిశీలనలో తేలినదేమిటి? దాదాపు 4.9 లక్షల దరఖాస్తులు వచ్చాయి. 2022 జూలై నాటికి వాటిలో 2 లక్షలకు పైగా పరిశీలించగా, 15 వేలకు పైగా కుటుంబాలు అర్హమైనవేనని అధికారులే ఒప్పుకున్నారు. నూటికి ఏడుగురు, ఎనిమిది మంది అన్నమాట. లెక్కల పుస్తకంలో ఇది చిన్న అంకెగా కనిపించవచ్చు. కాని ఆ 15 వేల ఇళ్ళలో ప్రతి ఇల్లూ నెలనెలా రావలసిన బియ్యాన్ని కోల్పోయిన ఇల్లే. ఆ నెలలలో వారు బజారు ధరకు బియ్యం కొన్నారో, అప్పు చేశారో, పూట తగ్గించుకున్నారో ఏ యంత్రమూ నమోదు చేయలేదు. దరఖాస్తు చేసుకోవచ్చునని కూడా తెలియక ఊరకున్న వారి సంగతి ఈ లెక్కలోకి రానే రాలేదు.

పొరపాటు ఎలా జరుగుతుంది? ఒక రిక్షా కార్మికుని పేరూ, కారు ఉన్న మరొకరి పేరూ దగ్గర దగ్గరగా ఉంటే చాలు. ఇద్దరూ ఒకరేనని యంత్రం తీర్మానిస్తుంది. తెలంగాణలో అచ్చంగా ఇలాంటి ఉదంతమే వెలుగులోకి వచ్చింది. సయ్యద్, అలీ వంటి పేర్లు ఎందరికి ఉంటాయో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడే ఈ విషయం మన కుటుంబాలను ప్రత్యేకంగా తాకుతోంది. యంత్రానికి మత పక్షపాతం ఉన్నదని మేము అనడం లేదు. కాని పేర్లు పోల్చి మనుషులను గుర్తుపట్టే పద్ధతిలో మన పేర్లు త్వరగా చిక్కుకుపోతాయి. ఒకే మనిషి పేరు స్కూలు సర్టిఫికెట్‌లో మహమ్మద్, రేషన్ కార్డులో మొహమ్మద్, ఆధార్‌లో ఎం.డి., ఓటరు జాబితాలో మహ్మద్ అని ఉంటుంది. షేక్ అన్న మాటను ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తారు. ఒక గుమాస్తా ఎస్, కె అని రెండక్షరాలతో సరిపెడితే, మరొకరు పూర్తిగా రాస్తారు. కోస్తా జిల్లాలలో షేక్, సయ్యద్, పఠాన్ అన్నవి ఇంటిపేర్ల స్థానంలో ముందు చేరుతాయి. హైదరాబాద్ కుటుంబాలు చాలావాటిలో తండ్రి పేరుకూ, తల్లి పేరుకూ, పిల్లల పేర్లకూ మధ్య ఉమ్మడి ఇంటిపేరే ఉండదు. తల్లి బేగం, కూతురు సుల్తానా, కోడలు ఫాతిమా. వీరంతా ఒకే ఇంటివారని పక్కింటి పిల్లవాడిని అడిగినా చెబుతాడు. యంత్రానికి మాత్రం ముగ్గురూ ముగ్గురు పరాయివాళ్ళు. ఇంకోవైపు, ఏ సంబంధమూ లేని ఇద్దరు మస్తాన్ వలీలు దానికి ఒకే మనిషి.

అంటే మన విషయంలో యంత్రం రెండు విధాలా పొరబడే అవకాశం ఉంది. ఒక మనిషిని ఇద్దరుగా చూస్తుంది, ఇద్దరిని ఒకరుగా చూస్తుంది. దీనికి తోడు వేలిముద్రల సమస్య ఒకటి. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాలలో ఏళ్ళ తరబడి బీడీలు చుట్టిన స్త్రీల వేళ్ళు, ఇటుకలు మోసిన కూలీల వేళ్ళు, వృద్ధుల వేళ్ళు అరిగిపోయి ఉంటాయి. రేషన్ దుకాణంలో యంత్రం మీద వేలు పెడితే అది గుర్తుపట్టదు. కష్టపడి పనిచేసినందుకు లభించిన శిక్ష ఇది.

బియ్యం ఒక్కటే అయితే మేము ఇంత దూరం రాసేవాళ్ళం కాము. ఓటు సంగతి కూడా చూడాలి. 2015 మార్చిలో ఎన్నికల సంఘం ఓటరు జాబితాల శుద్ధి పేరిట ఆధార్‌తో అనుసంధానం చేసే కార్యక్రమం మొదలుపెట్టింది. ఆధార్ వాడకంపై అదే సంవత్సరం ఆగస్టులో సుప్రీంకోర్టు విధించిన ఆంక్షలతో అది ఆగిపోయింది. 2018 డిసెంబర్ 7న తెలంగాణ శాసనసభకు పోలింగ్ జరిగిన రోజున, చేతిలో ఓటరు కార్డు పట్టుకుని వెళ్ళినవారెందరో జాబితాలో తమ పేరు లేదని తెలుసుకుని వెనుదిరిగారు. పేర్లు గల్లంతైనందుకు రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి స్వయంగా క్షమాపణ చెప్పవలసి వచ్చింది. ఆయన క్షమాపణను మేము తక్కువ చేయడం లేదు. కాని పోలింగ్ ముగిశాక చెప్పిన క్షమాపణ పోయిన ఓటును తెచ్చిపెట్టగలదా?

ఇది మన దేశపు అనుభవం మాత్రమే అనుకుంటే పొరపాటు. నెదర్లాండ్స్ సంపన్న దేశం, చదువుకున్న దేశం. అక్కడ పిల్లల సంరక్షణ కోసం తల్లిదండ్రులకు ఇచ్చే సహాయంలో మోసాలను పట్టుకోవడానికి పన్నుల శాఖ కంప్యూటర్ సహాయం తీసుకుంది. ఎవరి దరఖాస్తును అనుమానించాలో ఆ వ్యవస్థ చెప్పేది. దరఖాస్తుదారు ఏ జాతీయుడన్నది కూడా అనుమానానికి ఒక కారణంగా వాడారని, అది వివక్ష అని అక్కడి డేటా రక్షణ సంస్థ 2020లో తేల్చింది. వేల కుటుంబాలను అన్యాయంగా మోసగాళ్ళుగా ముద్ర వేసి, ఇచ్చిన డబ్బంతా తిరిగి కట్టమన్నారు. ఇళ్ళు అప్పులపాలయ్యాయి, కాపురాలు చెదిరాయి. బాధితులలో వలస వచ్చిన కుటుంబాలవారు అధికం. చివరకు 2021 జనవరి 15న ప్రధాని మార్క్ రుట్టే మంత్రివర్గం మొత్తం రాజీనామా చేసింది.

బ్రిటన్‌లో జరిగింది మరొకటి. పోస్టాఫీసులలో 1999 నుంచి ప్రవేశపెట్టిన 'హొరైజన్' అనే కంప్యూటర్ వ్యవస్థ, లేని లోటును ఖాతాలలో ఉన్నట్లు చూపించింది. యంత్రం తప్పు చెప్పదన్న నమ్మకంతో శాఖలు నడిపేవారిని దొంగలన్నారు. 900 మందికి పైగా దోషులుగా తేలారు, కొందరు జైలుకు వెళ్ళారు. ఆ శిక్షలను రద్దు చేయడానికి 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టమే తేవలసి వచ్చింది. అక్కడి బాధితులలో తెల్లవారూ ఉన్నారు, మన ఉపఖండం నుంచి వెళ్ళినవారూ ఉన్నారు. యంత్రం మాటను మనిషి మాట కన్నా ఎక్కువగా నమ్మిన చోట ఏ వర్గానికీ రక్షణ లేదని ఇది చెబుతోంది.

ఇంతకూ కంప్యూటర్లే వద్దని మా వాదన కాదు. బోగస్ కార్డులు ఉండేవన్నది నిజం. పేదల బియ్యం లారీల కొద్దీ నల్లబజారుకు తరలిపోయేదన్నది నిజం. అలా పోయింది కూడా పేదవాడి నోటి కూడే. నేడు ఊరు విడిచి పనికి వెళ్ళిన కుటుంబం మరో చోట కూడా తన రేషన్ తీసుకోగలుగుతున్నదంటే అది సాంకేతిక విజ్ఞానం చేసిన మేలే. ఈ మేలును కాదనడం కృతఘ్నత అవుతుంది. మా అభ్యంతరం వేరు. యంత్రం అనుమానించవచ్చు. అనుమానాన్ని తీర్పుగా మార్చే అధికారం మాత్రం దానికి ఉండరాదు. అనుమానించిన పేర్ల జాబితా అధికారి చేతికి వస్తే, అతడు ఆ ఇంటికి వెళ్ళి విచారించి, ఆ తర్వాత నిర్ణయం తీసుకోవాలి. జరుగుతున్నది ఇందుకు విరుద్ధం. శిక్ష ముందు వస్తోంది, విచారణ తర్వాత వస్తోంది, అదీ బాధితుడు అడిగితేనే. నేరం మోపినవాడే దానిని రుజువు చేయాలన్నది ఏ నాగరిక న్యాయమైనా అంగీకరించే సూత్రం. ఇక్కడ తనకు కారు లేదని రుజువు చేసుకోవలసిన భారం రిక్షా తొక్కేవాడి మీద పడింది. లేని కారును లేదని ఏ కాగితంతో నిరూపించగలడు?

ఇందులో రాజకీయం కూడా ఉన్నదని మరువరాదు. ఒక ఎమ్మెల్యే, ఒక మంత్రి లక్షల కార్డులు తీసేయమని బహిరంగంగా ఆదేశిస్తే ప్రజలు ఊరుకోరు, ఎన్నికలలో జవాబు చెబుతారు. అదే పనిని కంప్యూటర్ చేస్తే ఎవరిని నిలదీయాలి? 'మాదేమీ లేదు, సిస్టమ్‌లో అలా చూపిస్తోంది' అన్న ఒక్క మాటతో డీలరు నుంచి కలెక్టరేటు దాకా అందరూ తప్పుకుంటున్నారు. ఆ సిస్టమ్‌కు ఏం చూడాలో, ఎవరిని అనుమానించాలో నేర్పినది మనుషులే. ఆ మనుషులు జవాబుదారీ కావాలి. ప్రజలు ప్రభుత్వానికి అప్పగించిన వివరాలు ఒక విధంగా అమానతు. అప్పగించినవాడిపైనే దానిని ఆయుధంగా వాడటం అమానతులో ఖయానతే అవుతుంది.

కనుక ప్రభుత్వాల నుంచి మేము కోరుతున్నది పెద్దదేమీ కాదు. ఏ కార్డునైనా, ఏ పింఛనునైనా, ఏ ఓటునైనా తొలగించే ముందు ఆ కుటుంబానికి తెలిసిన భాషలో, కారణం తెలుపుతూ నోటీసు ఇవ్వాలి. జవాబు చెప్పుకోవడానికి గడువు ఇవ్వాలి. విచారణ ముగిసేదాకా సహాయం ఆపరాదు. తొలగించిన పేర్లను కారణాలతో సహా ప్రకటించాలి. ఇది అసాధ్యమేమీ కాదు. బీహార్‌లో ముసాయిదా ఓటరు జాబితాలో చోటు దక్కని దాదాపు 65 లక్షల పేర్లను కారణాలతో ప్రకటించాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించగా, ఎన్నికల సంఘం ప్రకటించింది. ఓటు విషయంలో సాధ్యమైనది అన్నం విషయంలో ఎందుకు కాదు?

మన ఇళ్ళలో చేసుకోవలసిన పని కూడా ఉంది. ఇంట్లో చదువుకున్న పిల్లలు ఒక సాయంత్రం కూర్చుని అమ్మ, నాన్న, నానమ్మల కాగితాలన్నీ ముందు పెట్టుకుని పేర్లు, పుట్టిన తేదీలు సరిచూడాలి. తేడాలు ఉంటే, అవసరం ముంచుకు రాకముందే సరిచేయించాలి. ఓటరు జాబితాలో పేరు ఉన్నదో లేదో ఎన్నికల నాడు కాక ముందే చూసుకోవాలి. కార్డు రద్దయితే డీలరు మాట విని ఇంటికి తిరిగి రాకూడదు. కారణం రాతపూర్వకంగా అడగాలి. 2013 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం జిల్లాలో ఫిర్యాదుల పరిష్కార అధికారి, రాష్ట్రంలో ఆహార కమిషన్ ఉండాలి. అర్జీ పెట్టి రసీదు తీసుకోవాలి. మసీదు కమిటీలు, యువజన సంఘాలు వారానికి ఒక గంట ఈ పనికి కేటాయిస్తే, చదువురాని వితంతువులకు, వృద్ధులకు అంతకు మించిన సేవ ఉండదు. ఆ సేవ మన బస్తీలోని ముస్లిమేతర పేదలకు కూడా అందాలి. ఆకలికి పేరు తేడా లేదు.

అయితే కాగితాలు సరిచేసుకోవడం మన జాగ్రత్త మాత్రమే, ప్రభుత్వ బాధ్యతకు అది బదులు కాదు. తండ్రి పెట్టిన పేరు రాయడం గుమాస్తాకు రాకపోతే తప్పు ఆ పేరుది కాదు. అరిగిన వేలును యంత్రం గుర్తుపట్టకపోతే తప్పు ఆ వేలిది కాదు. యంత్రం మనిషిని గుర్తుపట్టడం నేర్చుకోవాలి. అది నేర్చేదాకా, గుర్తుపట్టగల మనిషిని ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి.