ఆడపిల్లను ముందు ఇంట గెలవనివ్వాలి

నిజామాబాద్ జిల్లా కందకుర్తి వద్ద తెలంగాణలో అడుగుపెట్టే గోదావరి, దిగువకు ప్రవహించి రామగుండం, గోదావరిఖని ఒడ్డును తాకుతుంది. ఎగువ జిల్లాలో పుట్టిన ఒక ముస్లిం బాలిక ప్రపంచ విజేత అయింది. దిగువన ఉన్న సింగరేణి కార్మికుని బిడ్డ, చుట్టుపక్కల పల్లెల్లోని రైతు బిడ్డ ఎందుకు కాకూడదు? ఈ ప్రాంత పెద్దలు ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

ఆ బాలిక నిఖత్ జరీన్. నలుగురు ఆడపిల్లల్లో ఒకరు. తండ్రి జమీల్ అహ్మద్ ఒకప్పటి ఆటగాడు. బతుకుతెరువుకు సౌదీ వెళ్ళి, పిల్లల భవిష్యత్తు కోసం తిరిగి వచ్చారు. మొదట కూతురిని పరుగు పందేలకు తయారు చేశారు. బాక్సింగ్ మగపిల్లలకేనా అని ఆమె అడిగితే కాదనలేదు. ఆ పొట్టి దుస్తులేమిటని బంధువులు ఆక్షేపించారు. దెబ్బలతో మొహం వాచి ఇంటికి వస్తే, ఈ పిల్లను ఎవరు చేసుకుంటారని తల్లి కంటనీరు పెట్టుకున్నారు. అయినా సాధన ఆగలేదు. 2011లో జూనియర్ ప్రపంచ విజేత, 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత, అదే ఏడు బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో బంగారు పతకం, 2023లో ఢిల్లీలో మళ్ళీ ప్రపంచ విజేత. 2024లో తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీ ఉద్యోగం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న సామెత ఆమె విషయంలో అక్షరాలా నిజమైంది.

మతమూ ఆటా ఒక ఒరలో ఇమడవనే వారున్నారు. బర్మింగ్‌హామ్ పోటీలే దీనికి సమాధానం. అక్కడ నిఖత్ తలకు గుడ్డ లేకుండా ఆడింది. అదే క్రీడల్లో ఆస్ట్రేలియాకు చెందిన టీనా రహీమీ హిజాబ్ ధరించి ఆడి కాంస్య పతకం తీసుకుంది. ఇద్దరూ ముస్లిం యువతులే. ఇద్దరూ 2024లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళారు. హిజాబ్ సంగతి అడిగినప్పుడు, అది ఎవరి ఇష్టం వారిదని నిఖత్ చెప్పింది.

ఆట నిబంధనలూ మారాయి. తలగుడ్డతో ఆడటానికి ఫుట్‌బాల్ సమాఖ్య 2014లో, బాస్కెట్‌బాల్ సమాఖ్య 2017లో, బాక్సింగ్ సమాఖ్య 2019లో అంగీకరించాయి. అయితే పారిస్‌లోనే ఫ్రాన్స్ తన క్రీడాకారిణులకు తలగుడ్డ కూడదన్నది. కట్టుకోకపోతే ఇంట్లో ఉండమనడం ఎంత తప్పో, కట్టుకుంటే ఆడవద్దనడమూ అంతే తప్పు. రెండు చోట్లా నష్టపోయేది ఆడపిల్లే.

ఉపవాసం సంగతీ అంతే. 2023లో ఢిల్లీ ఫైనల్ జరిగిన మార్చి 26 నాటికి రంజాన్ నెల మొదలైంది. ప్రయాణికులు, రోగులు ఉపవాసాన్ని తరువాత పూర్తి చేసుకునే వెసులుబాటు ఇస్లాంలోనే ఉన్నది. ఎప్పుడు ఉండాలన్నది ఆ మనిషికీ అల్లాకూ మధ్య విషయం. వీధి అరుగు మీద తీర్పు చెప్పవలసిన విషయం కాదు.

కూతురిని మైదానానికి పంపడానికి వెనుకాడే తల్లిదండ్రులను ఎగతాళి చేయడం సరికాదు. వారి భయాలన్నీ మతానికి చెందినవి కావు. బట్టలు మార్చుకోవడానికి గది ఉన్నదా, మరుగుదొడ్డి ఉన్నదా, నేర్పేవారు స్త్రీయేనా, చీకటి పడ్డాక పిల్ల ఎలా ఇల్లు చేరుతుంది అన్నవే వారి ప్రశ్నలు. ఇవి న్యాయమైనవి. వీటికి జవాబు చెప్పవలసింది సంస్థలు, పంచాయతీలు, పాఠశాలలు.

సింగరేణి కార్మికులకు ఏటా క్రీడాపోటీలు జరిపే సంస్థ. యైటింక్లయిన్ కాలనీ అయినా, అంతర్గాం పల్లెలైనా ఆడపిల్లలకు వేరే సాధన వేళ, మహిళా శిక్షకురాలు, తలుపున్న ఒక గది ఏర్పాటు చేయడం కొండను తవ్వడం కాదు. పాఠశాల పోటీల్లో నిండు చేతుల చొక్కా, పొడవు ప్యాంటు వేసుకుంటానన్న పిల్లను వరుసలోంచి తప్పించకపోతే చాలు, సగం పని అయినట్లే. మసీదు పెద్దలు ఒక్క మాట చెబితే మిగతా సగం పూర్తవుతుంది.

భూగర్భ గనిలో స్త్రీ పని చేయరాదన్న 1952 గనుల చట్టం ఆంక్ష 2019లో సడలింది. బొగ్గు పొరల దాకా స్త్రీ దిగవచ్చునని అంగీకరించిన ఈ నేల మీద, పట్టపగలు మైదానంలో ఒక పిల్ల పరుగెత్తితే పరువు పోతుందనడం విడ్డూరం.

గెలిచిన తరువాత దండలు వేయడానికి అందరూ వస్తారు. గెలవక ముందు గుమ్మం దాటనిచ్చేవారే అసలైన పెద్దలు.